లోజబ్బు డాక్టరుగారు

మావయ్యగారి దుకాణానికి చిన్న జబ్బుతో వచ్చిన మిషను ఈనాటి వరకు ఒక్కటంటే ఒక్కటి లేదు. వచ్చినవన్నీ లోజబ్బులే. చెట్లు కోసే మిషను రంపం కానివ్వండి, గడ్డి కోసేది కానివ్వండి, నీళ్ళు తోడే ఇంజను కానివ్వండి, ఆయన దాన్ని బల్ల మీద పెట్టించి, కళ్ళద్దాలు ముక్కు కొసకు జార్చుకుని, కాసేపు దాని వంక జాలిగా చూసి, "ఊహూఁ... ఇది పైకి కనిపించే జబ్బు కాదండీ, లోజబ్బు" అని పెదవి విరిచేవారు. తెచ్చినవాడి గుండె జారిపోయేది. పక్కనే నిలబడ్డ అల్లుడు పళ్ళు నూరుకునేవాడు. బజారులో ఆయన అసలు పేరు జనం ఎప్పుడో మర్చిపోయారు. "లోజబ్బు డాక్టరుగారు" అంటే మాత్రం ఎవరైనా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి దుకాణం ముందు దింపి వెళ్ళేవారు.

ఆయన సంగతి చెప్పాలంటే అల్లుడి వైపు నుంచే చెప్పాలి. పగలంతా ఆయనతో ఒకే బల్ల దగ్గర నిలబడి, సాయంత్రం ఆయన ఇంట్లోనే భోంచేసే అదృష్టం అతనికొక్కడికే పట్టింది. అత్తగారు కూడా భోజనాల వేళ ఆయన్ని భరించారు గాని, బల్ల దగ్గర భరించలేదు.

దుకాణం ఇరుకుది. గోడ నిండా రంపపు గొలుసులు వేలాడుతుంటాయి. పెట్రోలు వాసన చొక్కాలకు పట్టి, ఎన్ని సబ్బులు అరిగినా వదలదు. గుమ్మం పక్కన ఒక పొడవాటి బెంచీ ఉంది. మిషను తెచ్చినవాళ్ళు దాని మీద కూర్చోవాలి. మావయ్యగారు దాన్ని "రోగి తరఫు బంధువుల బెంచీ" అంటారు. వెనక చిన్న గది. అందులో మావయ్యగారి అమ్మాయి, అంటే అల్లుడి భార్య, విడిభాగాల లెక్క చూసుకుంటూ, తెగిపోయిన స్టార్టరు తాళ్ళ స్థానంలో కొత్తవి చుడుతూ ఉంటుంది. ఆ గదిలోనే పాత గుడ్డల పెట్టె కూడా ఉంది. ఆ పెట్టె సంగతి కాస్త గుర్తుంచుకోవాలి.

మావయ్యగారి వైద్యం ప్రశ్నలతో మొదలయ్యేది. ఎవరొచ్చినా అవే ప్రశ్నలు, అదే వరస.

"రాత్రి ఎక్కడ పడుకుంది?"

"ఎవరండీ?"

"మీ రంపమే."

"షెడ్డులో పడేశామండీ."

"పడేశారా, పడుకోబెట్టారా?"

తెచ్చినవాడు బిక్కమొహం వేసేవాడు. మావయ్యగారు జాలిపడి రెండో ప్రశ్నకు వెళ్ళేవారు. "ఏం తాగింది?" అంటే ఏ పెట్రోలు పోశారు, అందులో ఆయిలు ఎంత కలిపారు, ఎన్నాళ్ళనాటి డబ్బాలోంచి పోశారు అని. మూడో ప్రశ్న వేసేటప్పుడు మాత్రం గొంతు తగ్గించేవారు. "దీన్నెవరైనా తిట్టారా?"

ఈ మూడో ప్రశ్నకు అల్లుడు తల పట్టుకునేవాడు. అంతటితో అయిపోతుందా, అవదు. "అల్లుడూ, లోపలికెళ్ళి ఆ పాత గుడ్డ పట్రా" అనేవారు మావయ్యగారు. అతను వెళ్ళి, పెట్టెలో వెతికి గుడ్డ తెచ్చేసరికి రోగనిర్ణయం పూర్తయ్యేది. ఒక రంపానికి ప్లగ్గు దిగులు. మరోదానికి గాలిగొట్టంలో గుబులు. అన్నిటికన్నా గడ్డు జబ్బు కార్బొరేటరు అలక. పెట్రోలూ గాలీ కలిసే చోటు అది. అదే అలిగి కూర్చుంటే ఇంజను మాత్రం ఏం చేస్తుంది పాపం అనేవారాయన. ఆ తర్వాత ఆ గుడ్డ పరిచి, మిషను సాంతం విప్పి, మర మరా తుడిచి, మళ్ళీ బిగించి, తాడు లాగితే అది బుద్ధిగా స్టార్టయ్యేది.

జనం ఆ జబ్బుల్ని మోసుకుని గర్వంగా వెళ్ళేవారు. ఒకసారి స్కూలు హెడ్మిస్ట్రెస్‌గారు గడ్డి కోసే మిషను తెచ్చారు. వారం తిరక్కుండా స్టాఫ్‌రూములో అందరికీ, "మా మిషనుకి మామూలు జబ్బు కాదమ్మా, గాలిగొట్టంలో గుబులట!" అని చెప్పుకున్నారు. అది విని, ఏ జబ్బూ లేని తన మిషనును కూడా డ్రిల్లు మాస్టారు ఓసారి చూపించుకుని వెళ్ళాడు.

ఇంట్లోనూ ఇదే వరస. హాల్లో గోడగడియారం ఆగిపోతే, మావయ్యగారు దాన్ని ఒళ్ళో పెట్టుకుని, చెవి ఆనించి విని, "దీనికేదో బెంగ పట్టుకుందే" అన్నారు. అత్తగారు కంగారుపడ్డారు. అందులోని సెల్లును అంతకు ముందురోజు టార్చిలైటు కోసం తీసింది అత్తగారే అని అల్లుడికి తెలుసు. ఆ మాట అనబోయేలోగా, "అల్లుడుగారూ, కాస్త మంచినీళ్ళు" అన్నారు మావయ్యగారు. మంచి మనసుతో ఉంటే ఆయన "అల్లుడూ" అంటారు. "అల్లుడుగారూ" అన్నారంటే నోరు మూసుకోమని.

అల్లుడిది చురుకైన చెయ్యి, అంతకన్నా చురుకైన నోరు. రంపం స్టార్టవ్వలేదంటే పెట్రోలైనా లేకపోవాలి, స్విచ్చైనా ఆపేసి ఉండాలి, ప్లగ్గైనా పోవాలి, గాలైనా ఆడకపోవాలి, ఆ నాలుగూ చూడటానికి ఎంతసేపు పడుతుంది అని అతని వాదన. "పక్కవీధిలో కొత్త దుకాణం పెట్టాడు మావయ్యగారూ, ఇట్టే చేసిచ్చేస్తున్నాడు. మనమింకా రంపం ఎక్కడ పడుకుందో అడుగుతున్నాం."

"చిన్న జబ్బుకి డాక్టరు దగ్గరికి ఎవరొస్తారు అల్లుడూ?"

"అందరూ చిన్నజబ్బులతోనే వస్తారండీ!"

"నువ్వలాగే వచ్చావా మరి?"

ఈ మాటతో అల్లుడి నోరు మూతపడేది. అతను నిజంగానే పెద్దజబ్బుతో వచ్చాడు. పెళ్ళికి ముందు, ఒక పెద్ద తోటలో చెట్లు కత్తిరించే పనికి కొత్తగా కుదిరిన రోజుల్లో, అతని రంపం మొదటిరోజే మొరాయించింది. తోటమాలి, పనివాళ్ళు, చివరికి తోట యజమాని కూడా చూస్తుండగా తాడు లాగి లాగి, చొక్కా పిండుకునేలా తడిసి, ఈ దుకాణానికి పరుగెత్తుకొచ్చాడు. "ఏం తాగింది?" అంటే "నిండా తాగిందండీ" అని ఛాతీ విరిచి చెప్పాడు. మావయ్యగారు పరీక్షించి, కార్బొరేటరు అలక అని తేల్చారు. అది ముదిరిన అలక. రోజుల తరబడి రోజూ వచ్చి కనుక్కోవాల్సి వచ్చింది. వచ్చినప్పుడల్లా వెనకగది గుమ్మంలో తాడు చుడుతూ కూర్చున్న అమ్మాయి, "ఇంకా నయం కాలేదు, రేపు రండి" అని చెప్పేది. రేపులు పెరిగి పెళ్ళయింది. నేటికీ బెంచీ మీద కూర్చున్న వాళ్ళతో అల్లుడు అంటుంటాడు, "అందరికీ వచ్చే జబ్బు కాదండీ నా రంపానికి వచ్చింది. మావయ్యగారంతటి వారే దానికి కిందామీదా పడ్డారు!"

అయినా అది ఒక్కటీ అరుదైన సంగతి అనీ, మిగతావన్నీ మావయ్యగారి పిచ్చి అనీ అతని నమ్మకం. అందుకే ఒక పలక మీద "చిటికెలో రిపేరు" అని ఎర్రరంగుతో రాసి, ఆరబెట్టి, తలుపు వెనక దాచాడు. మావయ్యగారు ఒక్కసారి సరేనంటే గుమ్మానికి తగిలించేద్దామని చూస్తున్నాడు. ఆయన ఆ పలకను రోజూ చూస్తూనే ఉన్నారు. ఏనాడూ సరే అనలేదు, వద్దనీ అనలేదు.

ఇలా ఉండగా గాలివాన ఒకటి వచ్చి ఊళ్ళో చెట్లన్నిటినీ కుదిపేసింది. తెల్లారేసరికి ఆస్పత్రికి వెళ్ళే రోడ్డు మీద పెద్ద చెట్టు అడ్డంగా పడి ఉంది. రంపాలన్నీ వీధుల్లో రొద పెడుతున్నాయి. అలాంటి పూట దుకాణంలోకి ఇద్దరు వచ్చారు.

ముందు వచ్చినవాడు హడావుడి మేస్త్రి. చెట్లు కోసే ముఠాకి పెద్ద. అతను నడవడం ఎవరూ చూడలేదు, ఎప్పుడూ పరుగే. వెనకాల రంపాన్ని రెండు చేతులతో పొదివి పట్టుకుని వచ్చింది చిటారు పెద్దాయన, ఆ మేస్త్రికి స్వయానా మేనమామ. ఎంతటి చెట్టయినా చిటారుకొమ్మ దాకా ఎక్కేవాడు కనుక ఆ పేరు. మేస్త్రికి రంపం పట్టుకోవడం నేర్పింది కూడా ఆయనే. కంటికి ఆపరేషన్ అయి నెలల తరబడి ఇంట్లో కూర్చుని, ఆ పూటే మళ్ళీ పనిలోకి దిగాడు.

మేస్త్రి రంపాన్ని లాక్కుని బల్ల మీద పెట్టాడు.

"డాక్టరుగారూ, తొందరగా చూడాలి. మిగతా రంపాలన్నీ వేరే వీధుల్లో ఉన్నాయి. ఆస్పత్రి రోడ్డుకి ఇదొక్కటే దిక్కు. అంత జనం చూస్తుండగా మావ లాగాడు, లాగాడు, కిక్కురుమనలేదు. నేనూ లాగాను. ఉలుకూ పలుకూ లేదు."

"చూద్దాం బాబూ."

"ఇంకో మాట." మేస్త్రి గొంతు తగ్గించాననుకున్నాడు గాని, ఆ గొంతు తగ్గేది కాదు. "రంపం నిజంగా పాడైతే సరే. బాగానే ఉండి, మావే ఏదో మర్చిపోయి ఉంటే మాత్రం ఇవాళ్టితో ఆఖరు. ఆయన్ని ఇంట్లో కూర్చోబెట్టేస్తా. మా వాళ్ళు పొద్దుట్నుంచి నవ్వుతున్నారు. పెద్దాయనకి చూపు తగ్గింది, మతి కూడా తగ్గిందని. మీరు ఆ ఒక్కటీ తేల్చి చెప్పండి, చాలు."

పెద్దాయన బెంచీ మీద కూర్చోలేదు. బల్లకు కొంచెం దూరంగా నిలబడి, తన రంపం వైపే చూస్తున్నాడు. ఆ మొహం చూస్తే అల్లుడికి తన పాత రోజు గుర్తొచ్చింది. అంతలోనే అతని చురుకు అతనికి అడ్డొచ్చింది. ఆ రంపం పాతది. స్విచ్చు పిడి పక్కన వేరుగా ఉంటుంది, నల్లగా, గోరంత. అది ఆపేసి ఉంది. ఎవరి కంటా పడకుండా కిందికి వాలి, బుద్ధిగా పడుకుని ఉంది.

అల్లుడి నోరు ఆగలేదు. "మావయ్యగారూ, ఇదిగో స్వి..."

మావయ్యగారి చేతిలోని ప్లగ్గు పానా సరిగ్గా అప్పుడే జారి, అతని కాలి బొటనవేలి మీద పడింది.

"అమ్మో!"

"చూశారా," అన్నారు మావయ్యగారు మేస్త్రి వైపు తిరిగి. "మావాడు ఒక్క చూపుకే అదిరిపడ్డాడు. అంతటి జబ్బన్నమాట."

అల్లుడు ఒంటికాలి మీద గెంతుతూ గోడకు ఆనుకున్నాడు. మావయ్యగారు కళ్ళద్దాలు ముక్కు కొసకు జార్చుకున్నారు. బయట ఊరు ఆగమాగం అవుతుంటే, ఆయన నిదానంగా పెద్దాయన వైపు తిరిగారు.

"రాత్రి ఎక్కడ పడుకుంది?"

"నా మంచం పక్కనే అయ్యా," అన్నాడు పెద్దాయన. "కన్ను కోసిన కాణ్ణుంచి అక్కడే ఉంది. రోజూ తుడిచా."

"ఏం తాగింది?"

"కొత్త పెట్రోలే. ఆయిలు నేనే కొలిచి కలిపా."

"దీన్నెవరైనా తిట్టారా?"

పెద్దాయన ఒకసారి మేస్త్రి వైపు చూశాడు. అరచేతులు పంచెకు తుడుచుకున్నాడు. "దాన్ని కాదు లెండి," అన్నాడు చివరికి.

మేస్త్రి రోడ్డు వైపు తిరిగి, అక్కడ ఏమీ లేకపోయినా చాలా శ్రద్ధగా చూశాడు. ఏళ్ళ తరబడి వింటున్న ఆ మూడో ప్రశ్న వేలు నొప్పితో కూడా ఇంత సూటిగా తగులుతుందని అల్లుడికి ఆ రోజే తెలిసింది.

"గుడ్డ కావాలి," అన్నారు మావయ్యగారు. అలవాటుగా అల్లుడి వైపు చూశారు. అల్లుడు తన బొటనవేలి వైపు చూసుకున్నాడు. "సరే. మేస్త్రిగారూ, మీరు కాస్త వెనకగదిలోకెళ్ళి, పెట్టెలోంచి పాత గుడ్డ ఒకటి అందుకుంటారా? మా అమ్మాయి ఇస్తుంది. పరుగు వద్దు, అక్కడ డబ్బాలుంటాయి."

మేస్త్రి పరుగెత్తనే పరుగెత్తాడు. డబ్బాలు దొర్లిన చప్పుడు వినిపించింది. పెద్దాయన అటు తలతిప్పాడు. ఆ కాస్త సందులో మావయ్యగారి బొటనవేలు రంపం పిడి మీదుగా జారి, ఆ గోరంత స్విచ్చును పైకి నెట్టి, ఏమీ ఎరగనట్టు వచ్చి కళ్ళద్దాలు సర్దుకుంది.

అల్లుడు నోరెళ్ళబెట్టాడు. ఇన్నేళ్ళలో అతను ఈ పని ఎప్పుడూ చూడలేదు. ఎలా చూస్తాడు? ఆ సమయానికి ప్రతిసారీ గుడ్డ కోసం వెళ్ళింది తనే.

గుడ్డ వచ్చింది. మావయ్యగారు ప్లగ్గు ఊడదీసి మేస్త్రి మొహం ముందు పెట్టారు. అది పెట్రోలులో ముంచి తీసినట్టు తడిగా ఉంది. లాగి లాగి ఇద్దరూ కలిసి దాన్ని ముంచేశారు.

"చూడండి. ఇంజను నిలువునా మునిగిపోయింది. ఇలా మునిగాక పెద్దాయన కాదు, మీరు కాదు, నేను లాగినా పలకదు. కడుపులోని పెట్రోలు వెళ్ళిపోవాలి, ప్లగ్గు ఆరాలి, లోపల గాలి ఆడాలి. లోజబ్బండీ ఇది."

ఇందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. అది గమనించి అల్లుడికి మరీ ఒళ్ళు మండింది.

"ఇది ఆరేలోపు," అన్నారు మావయ్యగారు, గొలుసు విప్పి, సన్నటి ఆకురాయితో సహా పెద్దాయనకు అందిస్తూ, "ఈ పళ్ళకి కాస్త పదును పెడతారా? నా కంటికి సరిగ్గా ఆనట్లేదు."

పెద్దాయన బల్ల దగ్గరికి వచ్చాడు. గొలుసును బిగింపులో పెట్టి, మొదటి పంటిని బొటనవేలితో తడిమి, ఆకురాయిని ఏటవాలుగా ఆనించి తోశాడు. తర్వాత రెండో పన్ను. ఒక్కో పంటికీ అదే వాలు, అదే ఒత్తిడి. చెయ్యి తొణకలేదు. ఒకచోట చటుక్కున ఆగి, "ఈ పన్ను ఎవరో తప్పుగా అరగదీశారు, పక్కదానికన్నా పొట్టిగా ఉంది," అన్నాడు. దాన్ని అల్లుడు దగ్గరకు పెట్టుకుని చూశాడు. నిజమే, వెంట్రుకంత తేడా. మేస్త్రి మెడలో ఎర్రదనం పాకింది. పోయిన వారం ఆ గొలుసుకు హడావుడిగా పదును పెట్టింది అతనే.

మావయ్యగారు ప్లగ్గు తుడుస్తూనే ఉన్నారు. ఆయన కళ్ళు మాత్రం ప్లగ్గు మీద లేవు. అద్దాల పైనుంచి పెద్దాయన చేతుల్నీ, ఆ కంటి చూపునూ వదలకుండా చూస్తున్నాయి.

బిగించడం అయ్యాక రంపాన్ని గుమ్మం బయటికి తెచ్చారు. "మీరే లాగండి పెద్దాయనా. మీ పిల్ల కదా, మీ చేతికే పలుకుతుంది."

పెద్దాయన రంపాన్ని నేల మీద ఆనించి, గొలుసు తిరక్కుండా బ్రేకు వేసి, వెనక పిడిని కాలితో తొక్కిపట్టాడు. అతని కన్ను ఒక్కసారి స్విచ్చు వైపు వెళ్ళి, అక్కడే ఒక క్షణం నిలిచి, మావయ్యగారి మొహం మీదికి వచ్చింది. మావయ్యగారు ఆకాశంలో మబ్బుల్ని చూస్తున్నారు. పెద్దాయన తాడు లాగాడు. రంపం దగ్గింది. మళ్ళీ లాగాడు. ఇంకాస్త గట్టిగా దగ్గి, పొగ వదిలి, ఒక్కసారిగా వీధి దద్దరిల్లేలా అందుకుంది.

పెద్దాయన మొహం వెలిగిపోయింది. చెప్పుకోవడానికి సిగ్గెందుకు, అల్లుడికి కూడా కళ్ళు చెమర్చాయి. పొగ వల్లేనని అతను తర్వాత చాలాసార్లు చెప్పాడు.

"అయితే మావ తప్పేం లేదన్నమాట?" అరిచాడు మేస్త్రి రంపం రొదలో.

"మనిషి తప్పని ఎవరన్నారండీ?" అని అంతకన్నా గట్టిగా అరిచారు మావయ్యగారు. "లోజబ్బు!"

"పద మావా! జనం కాసుక్కూర్చున్నారు. మొదటి కోత నువ్వే వెయ్యాలి!"

మేనమామ, మేనల్లుడు వెళ్ళిపోయారు. కాసేపటికి ఆస్పత్రి వైపు నుంచి రంపం పాట వినిపించింది. మధ్యలో ఎక్కడా తెగలేదు. మావయ్యగారు చేతులు తుడుచుకుంటూ దాన్ని వింటూ కూర్చున్నారు. అల్లుడు ఆయన ఎదురుగా కుంటుకుంటూ వచ్చి నిలబడ్డాడు.

"స్విచ్చు ఆపేసి ఉంది మావయ్యగారూ."

"ఉంది."

"మీరు చూశారు!"

"నువ్వు చూసినప్పుడే చూశాను. నీ నోటికన్నా నా పానా కాస్త ముందుంది, అంతే."

"మరి చెప్పొచ్చుగా?"

"ఏమని చెప్పను? కన్ను బాగుచేయించుకుని, మొదటిరోజు, అంతమంది నవ్వుతుంటే కంగారులో మర్చిపోయాడు. స్విచ్చు మేస్త్రికీ కనపళ్ళేదు, అతనూ లాగాడుగా. అతన్ని ఇంట్లో కూర్చోమని ఎవరైనా అన్నారా?"

అల్లుడు వదల్లేదు. "నిజంగా చూపు ఆనకపోతే? చెట్టెక్కి పడితే?"

"అందుకేగా గొలుసిచ్చింది. చెయ్యి వణికినా, ఒక్క పన్ను వంకరపోయినా, ఈ రంపం ఇక బాగుపడదని నేనే చెప్పేవాణ్ణి. వెంట్రుకంత తేడా పట్టుకున్నాడాయన. నువ్వు పట్టుకోలేదు."

ఈ చివరిముక్క అవసరమా అనిపించింది అల్లుడికి. కాని అతని బుర్రలో అప్పటికే ఇంకో చక్రం తిరగడం మొదలైంది. హెడ్మిస్ట్రెస్‌గారి గడ్డిమిషను, గోడగడియారం, దిగుళ్ళు, గుబుళ్ళు, గుడ్డ కోసం తను వెళ్ళిన వెళ్ళడాలు.

"అంటే ఇన్నేళ్ళూ ఈ లోజబ్బులన్నీ..."

"కొన్ని నిజంగానే లోజబ్బులు."

"హెడ్మిస్ట్రెస్‌గారిది?"

మావయ్యగారు ప్లగ్గు పానాను కొక్కేనికి తగిలించారు.

అల్లుడు కుంటుతూనే ఇంకో అడుగు దగ్గరికి వేశాడు. "మరి... నా రంపం?"

మావయ్యగారు అతని వంక చాలా ఆప్యాయంగా చూశారు. "అల్లుడూ," అన్నారు, "లోపలికెళ్ళి ఆ పాత గుడ్డ పట్రా."

అల్లుడు వెళ్ళాడు. వెనకగదిలో భార్య స్టార్టరు తాడు ఒళ్ళో పెట్టుకుని, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. ఆ భుజాలు ఊగడం చూస్తే చాలాసేపట్నుంచే నవ్వుతున్నట్టుంది.

"నీకు తెలుసా?" అన్నాడు.

"తెలీకపోవడమేంటండీ, పక్కనే ఉన్నానుగా! ట్యాంకులో చుక్క పెట్రోలు లేదు. ఎండిపోయి ఉంది. మీరేమో 'నిండా తాగిందండీ' అని ఛాతీ విరిచి చెప్తున్నారు. నాన్న మిమ్మల్ని గుడ్డ కోసం లోపలికి పంపి, గబుక్కున పెట్రోలు పోసేశారు."

అల్లుడు పెట్టె మీద కూలబడ్డాడు. ఏళ్ళ తరబడి ఊరందరికీ చెప్పుకున్న అరుదైన జబ్బు కళ్ళముందే ఆవిరైపోయింది. కార్బొరేటరు ఏనాడూ అలగలేదు. దాని దాకా అలగడానికి కూడా ఏమీ చేరలేదు.

"అయితే అప్పుడే బాగైపోయిందిగా! మరి రోజుల తరబడి రోజూ ఎందుకు తిప్పించుకున్నారు మీ నాన్న?"

భార్య నవ్వు ఆపింది. తాడును మళ్ళీ చుట్టడం మొదలుపెట్టింది. చుట్టిందే చుట్టింది.

"నాన్న కాదండీ," అంది తల ఎత్తకుండా. "నాన్న ఆ సాయంత్రమే ఇచ్చెయ్యమని నా చేతికిచ్చారు. ఇంకా నయం కాలేదని చెప్పింది నేను."

అల్లుడు చాలాసేపు ఆ గదిలోంచి బయటికి రాలేదు. గుడ్డ ఏదని మావయ్యగారు కూడా అడగలేదు.

మర్నాడు పొద్దున "చిటికెలో రిపేరు" పలక తలుపు వెనక కనిపించలేదు. బల్ల మీద బోర్లా పడి, విప్పిన మరలు దొర్లిపోకుండా పెట్టుకునే పళ్ళెంగా మారింది. అలా ఎవరు చేశారని మావయ్యగారు అడగలేదు. ఆ రోజంతా మాత్రం అల్లుణ్ణి ఒక్కసారి కూడా "అల్లుడుగారూ" అనలేదు.

వానలు తగ్గిపోయిన ఒక మధ్యాహ్నం మావయ్యగారు కుర్చీలో కునుకు తీస్తుండగా, హడావుడి మేస్త్రి మళ్ళీ పరుగెత్తుకొచ్చాడు. చేతిలో సరికొత్త రంపం. వెనకే చిటారు పెద్దాయన నింపాదిగా వస్తున్నాడు. ఈసారి చేతులు ఖాళీగా ఉన్నాయి, మొహం నిండుగా ఉంది.

"కొత్త రంపం అండీ! మా వాళ్ళందరికీ ఎలా వాడాలో చూపిద్దామని పిలిచి లాగితే, పలికితే ఒట్టు! నా మొహాన నవ్వుతున్నారు వెధవలు. అంగడివాడు మోసం చేసుంటాడు."

అల్లుడు బల్ల మీదికి తీసుకుని చూశాడు. స్విచ్చు ఆపేసి ఉంది. కిందికి వాలి, బుద్ధిగా పడుకుని ఉంది. తలెత్తితే పెద్దాయన కళ్ళు కూడా అక్కడే ఉన్నాయి. ఇప్పుడు ఒక్క మాట అంటే చాలు, ఆ రోజు నవ్విన నవ్వులన్నిటికీ బాకీ తీరిపోతుంది. పెద్దాయన నోరు తెరిచాడు.

"డాక్టరుగారి అల్లుడా," అన్నాడు గంభీరంగా, "మావాడు కంగారుపడుతున్నాడు గాని, నా అనుభవం కొద్దీ చెప్తున్నా. ఇది పైకి కనిపించే జబ్బు కాదు."

కుర్చీలో మావయ్యగారి కనురెప్ప ఒకటి కొంచెం లేచి, మళ్ళీ వాలింది.

అల్లుడు కళ్ళద్దాలు లేకపోయినా ముక్కు కొస సర్దుకున్నాడు. "నాకూ అలాగే అనిపిస్తోంది పెద్దాయనా. మేస్త్రిగారూ, రాత్రి ఇది ఎక్కడ పడుకుంది?"

"అట్టపెట్టెలోనే అండీ! ఏం, అది తప్పా?"

"ఎవరైనా తిట్టారా?"

"నేనే తిట్టానండీ, పొద్దుట్నుంచి," అన్నాడు మేస్త్రి, పాపం, గొంతు నిజంగానే తగ్గించి. "పెద్దజబ్బేనంటారా?"

"భయం లేదు, నయమవుతుంది. మీరొక్కసారి వెనకగదిలోకెళ్ళి పాత గుడ్డ పట్రండి. నిదానంగా వెళ్ళండి, అక్కడ డబ్బాలుంటాయి."

మేస్త్రి జీవితంలో మొదటిసారి నడుచుకుంటూ వెళ్ళాడు.